అమాస నాడు ఇచ్చిన రక్తం

మా అబ్బాయి కిశోర్ పోయిన రోజు నేను పేరేసంద్ర దగ్గర ఉన్నాను. కారులో వెనక సీట్లో కూర్చుని ఒళ్ళో ఐసు డబ్బా పట్టుకున్నాను. డబ్బాలో ఓ పాజిటివ్ రక్తం సంచి ఒకటి ఉంది. బాగేపల్లిలో హైవే పక్కన ఉన్న నర్సింగ్ హోమ్‌లో వాడిని పడుకోబెట్టారు. అక్కడ ఆ రక్తం లేదు. మా వీధిలో దాదాపు ఇంటికొకరికి ఉండే గ్రూపు అది. చిక్కబళ్ళాపురం పోయి తీసుకుని తిరిగి వస్తుంటే, దోవలో వాడి స్నేహితుడు దేవరాజ్ ఫోను చేశాడు. "సార్, మెల్లిగా రాండి" అన్నాడు. అంతకుముందు చేసిన ఫోన్లన్నిటిలోనూ తొందరగా రమ్మన్నాడు.

ఆ తరువాత జరిగింది కొంచెమే. పదకొండో నాటి తిథికి వాడి స్నేహితులు భోజనాలతో పాటు మా ఇంటి ముందర షామియానా వేసి రక్తదాన శిబిరం పెట్టారు. నా భార్య లక్ష్మీదేవమ్మ అప్పటిదాకా ముద్ద ముట్టలేదు. ఆ రోజు షామియానా వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంది. రక్తమిచ్చి బయటికి వచ్చిన ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని, దూది అంటించిన చోటు చూసింది. సాయంత్రం తనే అడిగి అన్నం పెట్టించుకుంది.

ఈ ఏడు మహాలయ అమావాస్యకు మళ్ళీ పెట్టారు. మా వైపు ఆ రోజు ప్రతి ఇంట్లో పెద్దలకు ఎడె పెడతారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి, ఆకులో వడ్డించి, తలుపు కాసేపు మూసి ఉంచి, వాళ్ళు తిన్నారనుకున్న తరువాతే ఇంట్లోవాళ్ళు తింటారు. అంతవరకు వండినామె కూడా ఉప్పు చూడదు. ఆ రోజు రక్తమిస్తే అదీ పోయినవాళ్ళకు చేరుతుందన్న మాట ఒకటి పుట్టింది. మొదట ఆ మాట అన్నది లక్ష్మీదేవమ్మే. గూళూరు నుంచి, మిట్టేమరి నుంచి, అటు శిడ్లఘట్ట వైపు దిబ్బూరహళ్ళి నుంచి, జంగమకోటె నుంచి జనం ఎడె పెట్టి, చెయ్యి కడుక్కుని, నేరుగా మా ఇంటికి వచ్చారు. ఎవరి తండ్రి పేరు మీద వాళ్ళు, ఎవరి అన్న పేరు మీద వాళ్ళు ఇచ్చారు. నేనూ దేవరాజూ కిశోర్ పేరు మీద ఇచ్చాం.

ఇప్పుడు కార్తీకం. వచ్చే ఆదివారం కిశోర్ ఏడాది తిథి. అమాస నాటి శిబిరాన్ని మించింది పెట్టాలని దేవరాజ్ రోజూ తిరుగుతున్నాడు. సోమవారం పొద్దున నేను బడికి బయల్దేరుతుంటే, రక్తనిధి డాక్టరు మంజుశ్రీ దగ్గర నుంచి ఫోను వచ్చింది.

"సార్, ఒకసారి చిక్కబళ్ళాపురం వచ్చిపోండి. ఫోనులో చెప్పేది కాదు."

హెడ్ మేష్ట్రుకు రజా చెప్పి బస్సెక్కాను.

* * *

ఆ రక్తనిధిని ఒక ట్రస్టువారు నడుపుతారు. మెట్లెక్కగానే వరండాలో బెంచీ మీద ఒకతను కూర్చుని ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. వేళ్ళు తెల్లగా నాని ముడతలు పడి ఉన్నాయి. పట్టుగూళ్ళను వేడినీళ్ళలో వేసి దారం తీసేవాళ్ళ చేతులు అలాగే ఉంటాయి. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు. పాత విద్యార్థి అనుకుని తల ఊపి లోపలికి పోయాను.

మంజుశ్రీది చింతామణి. మాటలో కన్నడం ఎక్కువే గానీ నాతో ఎప్పుడూ తెలుగే మాట్లాడుతుంది. చెప్పులు బయట విడవమని చెప్పి వెనక గదిలోకి తీసుకుపోయింది. స్టీలు బల్ల మీద రక్తం సంచులు వరసగా పేర్చి ఉన్నాయి. ముఖానికి గుడ్డ కట్టుకున్న ఒకామె వాటిని ఒక్కొక్కటే తీసి, పసుపుపచ్చ కవరులో వేస్తోంది. సంచి పడినప్పుడల్లా మెత్తటి చప్పుడు వస్తోంది.

"ఇవి?" అన్నాను.

"అమాస నాటివి సార్."

నేను దగ్గరికి పోయాను. సంచుల మీద అంటించిన చీటీల మీద ఆ తేదీయే ఉంది. రంగు నేననుకున్నంత ఎర్రగా లేదు.

"ముట్టుకోవచ్చా?" అని అడిగాను. ఎందుకు అడిగానో నాకు తెలియదు.

"వద్దు సార్" అంది. "ఎర్రకణాలు ఆరు వారాలే ఉంటాయి. నిన్నటితో అయిపాయె. ప్లాస్మా వేరుగా తీసి గడ్డకట్టించి పెట్టినాము, అది ఏడాది ఉంటాది. ఇవి నిలవవు."

"రోగులకు ఇవ్వలేదా?"

"ఎందుకియ్యము? అడిగినోళ్ళందరికీ ఇచ్చినాము. చింతామణికి పంపినాము, గౌరిబిదనూరుకు పంపినాము. బెంగళూరుకు ఫోను చేస్తే, మాకాడే పెట్టుకునేదానికి జాగా లేదు, మీరే తీసుకోండి అనిరి. మీ శిబిరం చూసి ఇంకా ఎన్ని ఊర్లలో పెట్టిరి సార్ అమాసకు! జిల్లా అంతా ఒకే దినం ఇచ్చె. ఆ తరువాత దసరా, దీపావళి, కోతలు. ఒక్కరు రాలేదు. మేమూ రమ్మనలేదు. ఫ్రిజ్ నిండుగా ఉంటే ఎవుర్ని రమ్మనేది?"

ఇంకో సంచి కవరులో పడింది.

"ఆ రోజే చాలు అని చెప్పకూడదా అమ్మా?" అన్నాను. గట్టిగా అనలేదు.

ఆమె కిటికీ వైపు చూసింది. "చెప్పి ఉండాల. నా తప్పే అనుకోండి."

అలా అంత సులువుగా తప్పు తన మీద వేసుకునే మనిషి కాదు ఆమె. అప్పుడు నాకు అది తట్టలేదు.

"దీనికేనా నన్ను పిలిచింది?"

"కాదు సార్." గది తలుపు దగ్గరికి వేసింది. "బయట బెంచీ మీద ఒకతను ఉండాడు కదా, అమరనాథ్ అని. జంగమకోటె. అతని భార్య సహన. శిడ్లఘట్టలో ఇద్దరూ రీలింగ్ పనికి పోతారు. ఆమెకు గర్భసంచిలో గడ్డ. నెలల నుంచి రక్తం పోతాంటే ఎవురికీ చెప్పలేదు. ఈ పొద్దు తెల్లారి పడిపోతే చింతామణిలో ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకొచ్చినారు. ఒంట్లో ఉండాల్సిన రక్తంలో సగం కూడా లేదు. రేపు పొద్దున ఆపరేషన్ చేయాల. ముందు రెండు సంచులు ఎక్కిస్తేగానీ ముట్టుకోమంటాండారు. ఓ పాజిటివ్."

నేను బల్ల వైపు చూశాను. ఆమె నా చూపు గమనించింది.

"నిన్న వచ్చింటే చేతికిచ్చిందును సార్. ఈ పొద్దు ఇయ్యకూడదు."

"ఫ్రిజ్‌లో వేరే లేవా?"

"ఆ గ్రూపు ఒక్కటి లేదు. కోలారు అడిగినా, బెంగళూరు అడిగినా. మనుషుల్ని తెచ్చుకోండి అంటారు. అతను నేనిస్తానంటాడు. అతనిదీ అదే గ్రూపు. కానీ అమాస నాడు మీ ఇంటి ముందరే ఇచ్చినాడు, వాళ్ళ నాయన పేరు మీద. ఇచ్చినోళ్ళు మూడు నెలలు మళ్ళీ ఇయ్యకూడదు." ఆమె గొంతు తగ్గించింది. "రక్తం పారేసింది ఒక్కటే కాదు సార్ పోయింది. మనుషులూ అయిపోయినారు. ఇచ్చే అలవాటుండేవాళ్ళు అంతా ఆ ఒక్క దినమే ఇచ్చేసిరి. పుష్యం దాకా వాళ్ళనెవుర్నీ పిలిచేందుకు లేదు. మిగిలినోళ్ళను దేవరాజ్ ఆదివారానికి పిలిచిపెట్టినాడు."

"అవును."

"వాళ్ళలో ఇద్దరు సార్. ఇద్దరే. సాయంత్రం లోపల ఇక్కడికి రావాల. రాత్రి పరీక్షలు అయితేనే పొద్దున్నే చింతామణికి పంపగలం. మిగిలినోళ్ళను ఆదివారం రావద్దనండి. ఎప్పుడు ఎవురు కావాలంటే అప్పుడు వాళ్ళను పిలుస్తాం. ఒకే దినం మాత్రం వద్దు."

మీ భార్యకు మీరే చెప్పాలి అని ఆమె అనలేదు. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

అమరనాథ్ ఇచ్చింది ఆ బల్ల మీద ఉందా అని నేను అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

వరండాలోకి వచ్చేసరికి అతను మళ్ళీ లేచి నిలబడ్డాడు.

"మేష్ట్రే, మీరు వచ్చినారంటేనే నాకు సగం దిగులు తీరింది" అన్నాడు. "కిశోరన్న పట్టుగూళ్ళ మార్కెట్లో ఉండంగా మాలాంటోళ్ళకు ఎంత చేసినాడో. మా నాయన పెంచిన గూళ్ళు తడిసినాయని ఎవురూ కొనకుండా పోతాంటే నిలబడి కొనిపించినాడు ఒకసారి. నన్ను రేయ్ జంగమకోటె అని పిలుస్తాండె. పేరు ఎప్పుడూ పిలవలే."

"సహన దగ్గర ఎవరున్నారు?"

"మా అత్త ఉండాది. ఆయమ్మకు చెవులు సరిగ్గా వినపడవు. డాక్టరు ఒకటి చెప్తే నాకు ఫోనులో ఇంకొకటి చెప్తాది." నవ్వబోయి ఆగిపోయాడు. "మనుషులు దొరుకుతారు కదా మేష్ట్రే?"

"చూస్తాను" అన్నాను. ఇస్తామన్నవాళ్ళు అంతమంది ఉన్నారని తెలిసి కూడా దొరుకుతారు అనలేదు.

* * *

బస్సు బాగేపల్లి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మా ఇంటి ముందర కరెంటు స్తంభానికి ఫ్లెక్స్ కడుతున్నారు. షామియానా మునికృష్ణప్ప నిచ్చెన మీద ఉన్నాడు. కింద దేవరాజ్ తాడు పట్టుకుని నిలబడ్డాడు. ఫ్లెక్స్ మీద కిశోర్ నల్ల కళ్ళజోడు పెట్టుకుని నవ్వుతున్నాడు. ఆ ఫోటో ఎక్కడ తీసిందో నాకు తెలియదు.

"ఎడం పక్క దించు అప్పా, ఎడం పక్క!" దేవరాజ్ అరుస్తున్నాడు. "మావాడి తల వంగిపోతాంది. బతికుండంగా ఎవురి ముందరా వంచనోడు, నువ్వు వంచుతాండావు."

"నువ్వు తాడు తిన్నంగా పట్టు ముందు" అన్నాడు పైనుంచి మునికృష్ణప్ప. "నోరు చేసినంత గట్టిగా తాడు పట్టుకోనుంటే ఎప్పుడో అయిపోయిండు."

దేవరాజ్ నన్ను చూసి తాడు స్తంభానికి చుట్టేసి వచ్చాడు. వాడు నా దగ్గర చదువుకున్నవాడే. కిశోర్‌తో ఒకే బెంచీలో కూర్చున్నాడు.

"సార్, గౌరిబిదనూరు నుంచి రెండు బస్సులు వస్తాండాయి. అమాసకు ఇచ్చినోళ్ళు ఒక్కరు లేరు, అంతా కొత్తోళ్ళే. మొన్న ఎండాకాలంలో చింతామణోళ్ళు వాళ్ళ లీడరు పుట్టినదినానికి శిబిరం పెట్టి ఏం ఎగిరినారు సార్! ఆదివారం సాయంత్రానికి వాళ్ళు నోరెత్తకూడదు."

నేను వాడిని పక్కకు పిలిచి జరిగింది చెప్పాను. బల్ల సంగతి చెప్పాను. సహన సంగతి చెప్పాను. వాడు వింటూ ఫ్లెక్స్ వైపు చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు.

"అన్నీ పారేసిరా సార్?"

"మిగిలినవన్నీ."

వాడు జేబులోంచి ఫోను తీశాడు. "ఇద్దరే కదా సార్. ఇంతమందిలో ఇద్దరు రారా? ఇప్పుడే పంపిస్తా చూడండి." నాకు వినిపించేటట్టు స్పీకరు పెట్టాడు.

మొదటివాడు గూళూరు మనిషి. "ఈ పొద్దా? కార్తీక సోమవారం కదరా. నీళ్ళు తప్ప ఏమీ ముట్టలే. నక్షత్రం కనపడేదాకా తినేది లేదు. ఉపాసమున్నోడి కాడ రక్తం తీస్తారా?"

"నువ్వు ఎప్పుడ్నించిరా ఇంత భక్తుడివి? పోయిన నెల సోమవారం దాబాలో కోడికాలు పట్టుకోని కూర్చునింది ఎవురు?"

"అది ఆశ్వయుజమప్పా" అన్నాడు అవతలివాడు. "ఆదివారం తెల్లారితోనే వస్తాలే. నాదే మొదటి సంచి రాసిపెట్టుకో."

రెండోవాడు చేలో ఉన్నాడు. మిషను వచ్చి రాగిచేను కోస్తోందట, విడిచి రాలేడు. రేపు తెల్లవారితో అయినా రమ్మని దేవరాజ్ బతిమాలాడు. "రేపు మంగళవారం. మంగళవారం మా అమ్మ పక్కింటోళ్ళకు ఉప్పు కూడా ఇయ్యదు. నన్ను రక్తం ఇయ్యనిస్తాదా? ఆదివారం ఖాయం."

మూడోవాడు వెంటనే వస్తానన్నాడు. కానీ అతనిది వేరే గ్రూపు.

నాలుగోవాడికి ఉపవాసం లేదు, పని లేదు, గ్రూపు కూడా అదే. అంతా విన్నాడు. "దేవరాజన్నా, నాకేం కష్టం లేదు. కానీ కిశోరన్న తిథికి ఇస్తానని వాళ్ళ అమ్మకు మాటిచ్చినా. అమ్మ నా తల మీద చెయ్యి పెట్టి పేరు అడిగింది. ఈ పొద్దు ఇంకొకరికి ఇచ్చేసి ఆదివారం ఏం మొఖం పెట్టుకోని ఆయమ్మ ముందర నిలబడేది? అమ్మను ఒక మాట చెప్పమను. బండికి పెట్రోలు వేసుకోని ఉండా."

ఆ తరువాత చేసిన ఫోన్లలో కొందరు అదే మాట అన్నారు. దేవరాజ్ స్పీకరు తీసేశాడు. గోడ వైపు తిరిగి మాట్లాడాడు, ఫోను జేబులో వేసుకున్నాడు.

"అమ్మ చెప్పాల సార్."

"నువ్వు అడుగు. నీ మాట వింటుంది."

"నేనా?" వాడు తల అడ్డంగా ఊపాడు. "కిశోర్ పోయినప్పుడు ఆయమ్మ ముందర నిలబడి చెప్పింది నేనే సార్. ఇంకోసారి నాతో కాదు."

మునికృష్ణప్ప నిచ్చెన మీదినుంచి, "కట్టేదా, దించేదా, ఏదో ఒకటి చెప్పండప్పా, కాళ్ళు లాగుతాండాయి" అన్నాడు. నేను చెప్పులు విడిచి ఇంట్లోకి పోయాను.

* * *

లక్ష్మీదేవమ్మ వంటింట్లో నేల మీద కూర్చుని బియ్యప్పిండి జల్లిస్తోంది. కిశోర్‌కు కజ్జాయలంటే ఇష్టం. బెల్లప్పాకంలో పిండి కలిపి కొన్ని రోజులు పెడితేనే కజ్జాయ మెత్తగా వస్తుంది, అందుకని సోమవారమే మొదలుపెట్టింది. మోచేతుల దాకా పిండి అంటుకుని ఉంది.

"చిక్కబళ్ళాపురం పోయింటివంట" అంది తల ఎత్తకుండా. "ఏమంట డాక్టరమ్మ?"

నేను గడప మీద కూర్చున్నాను. బల్ల సంగతి ముందు చెప్పలేదు. సహన సంగతి చెప్పాను. ఆమె వింటూ జల్లెడ తడుతూనే ఉంది.

"పిల్లోళ్ళు ఉండారా ఆ బిడ్డకు?"

"అడగలేదు."

"అడగాల కదా." జల్లెడలో మిగిలిన నూక పక్కన పోసింది. "చెప్పుకోకుండా ఎట్ల ఓర్చుకునిందో."

"ఇద్దరు కావాలి. సాయంత్రం లోపల పోవాలి. వస్తారు, నువ్వు ఒక మాట చెబితే."

జల్లెడ ఆగింది. "ఎవురు? ఆదివారానికి పెట్టుకున్నోళ్ళా?"

"ఇద్దరే."

"ఎడెకు వండింది, ఎడె పెట్టకముందే తీసి ఇంకొకరికి పెడతామా?"

"ఇది అన్నం కాదు."

"నాకు అన్నమే" అంది. "సంవత్సరం అయితాంది వాడు నా చేతి ముద్ద తిని. తిథి నాడు వాని పేరు చెప్పి ఇస్తామని వాళ్ళే వచ్చి మాటిచ్చిరి. దాంట్లోనుంచి ముందే తీసి, మిగిలింది వానికి పెట్టమంటావా? ఎంగిలి పెట్టమంటావా నా కొడుక్కి?"

నేను మాటలు వెతుక్కున్నాను. బడిలో అంతమంది పిల్లల ముందు ఎన్నడూ ఇంత వెతుక్కోలేదు.

"వాడికి చేరదు" అన్నాను చివరికి. "అమాస నాడు ఇచ్చింది కూడా చేరలేదు. బతికున్నవాళ్ళకూ అంతా చేరలేదు. చాలా మిగిలిపోయింది. గడువు దాటిందని ఈ పొద్దు పారేస్తున్నారు. నేను చూసి వచ్చాను."

ఆమె ఏడుస్తుందని, లేకపోతే నన్ను తిడుతుందని అనుకున్నాను. ఆమె జల్లెడ అంచుకు అంటిన పిండిని వేలితో తుడిచింది.

"తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"పారేస్తారని. ఆ పొద్దు మధ్యాహ్నమే డాక్టరమ్మ నా కుర్చీ కాడికి వచ్చింది. చాలమ్మా, ఇంక తీసుకుంటే నిలవదు, మిగిలినోళ్ళ నంబర్లు తీసుకోని పంపించేద్దాం, కావాల్సినప్పుడు పిలుస్తాం అనింది. నేనే వద్దంటి. ఆయమ్మ రెండు చేతులూ పట్టుకుంటి. పారేస్తే పారేయి తల్లీ, నా బిడ్డ పేరు చెప్పి వచ్చినోళ్ళను మాత్రం వాపసు పంపొద్దు అంటి. ఆయమ్మ ఇంకేం చేస్తాది? తీసుకునింది."

మంజుశ్రీ తప్పు తన మీద వేసుకుని కిటికీ వైపు ఎందుకు చూసిందో అప్పుడు తెలిసింది.

"ఎందుకు లక్ష్మీ?"

వీధిలో దేవరాజ్ ఎవరితోనో ఫోనులో వాదిస్తున్నాడు.

"నువ్వు ఆ దినం దోవలో ఉంటివి. నేను నర్సింగ్ హోమ్ వాకిట్లో ఉంటి. వచ్చినోళ్ళను, పోయినోళ్ళను అందర్నీ అడిగితి. నీదేం గ్రూపప్పా, నీదేం గ్రూపమ్మా అని. ఒకడు తెలీదనె. ఒకడు కళ్ళు తిరుగుతాయనె. ఒకడు ఇప్పుడే వస్తానని బండెక్కి పాయె, మళ్ళీ రాలే. ఒక్కరంటే ఒక్కరు చెయ్యి చాపలేదు." తన చేతి వైపు చూసుకుంది. "అమాస నాడు అంతమంది చొక్కా చేతులు మడుచుకోని వరసగా నిలబడిరి. వద్దు పొమ్మంటానా నేను? నాకు ఆ చేతులు చూడాల అనిపించె. అది తీసుకోని ఏం చేస్తారో నాకెందుకు?"

ఆ రోజు ఎవరైనా చెయ్యి చాపి ఉన్నా ప్రయోజనం లేదు. నర్సింగ్ హోమ్‌లో రక్తం తీయడానికి లేదు, తీసినా పరీక్షలు కాకుండా ఎక్కించడానికి లేదు. ఏడాదిగా నాకు తెలుసు. ఆమెకు చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు.

"ఆ వాకిట్లో ఇప్పుడు సహన మొగుడు నిలబడి ఉన్నాడు" అన్నాను.

"తెలుసు నాకు. చెప్పొద్దు." జల్లెడలో మళ్ళీ పిండి పోసుకుంది. కానీ తట్టలేదు. చేతులు జల్లెడ మీద అలాగే ఉండిపోయాయి.

నా ఫోను మోగింది. కొత్త నంబరు. అమరనాథ్ మంజుశ్రీ దగ్గర నా నంబరు తీసుకుని ఉంటాడు. ఏం చెప్పాలో తెలియక చూస్తూ కూర్చున్నాను. రెండుసార్లు మోగి ఆగి, మళ్ళీ మోగింది. లక్ష్మీదేవమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని నా చేతిలోంచి తీసుకుంది. పిండి ఇంకా పోని వేలితో నొక్కితే స్పీకరు కూడా పడింది.

"ఎవురప్పా?"

"అమ్మా, నేను అమరనాథ్, జంగమకోటె. మేష్ట్రు ఉండారా?"

"ఉండారు. నేను కిశోర్ వాళ్ళమ్మను."

"అమ్మా నమస్కారమమ్మా!" అతని గొంతులో ప్రాణం వచ్చింది. "అమాస నాడు నువ్వు నా చెయ్యి పట్టుకుంటివి. నీకు జ్ఞాపకం ఉండదులే, అంతమందిలో. చేతులు ఇట్ల నానిపోయినాయేం నాయనా అని అడిగితివి."

లక్ష్మీదేవమ్మ రెండో చేతిని కూడా ఫోను కిందకు తెచ్చింది.

"మనుషులు దొరకలేదేమో, మేష్ట్రు ఫోను ఎత్తలే. దొరక్కపోయినా మీరు శ్రమపడొద్దమ్మా. నాకొక దోవ తోచింది. ఆ పొద్దు నేనిచ్చింది ఉండాది కదా వీళ్ళకాడ. నాదీ సహనదీ ఒకే గ్రూపంట. నన్ను మళ్ళీ ఇయ్యకూడదంటాండారు, సరే. అప్పుడిచ్చిందే తీసి ఆమెకు ఎక్కించమనండి. మా నాయన పేరు మీద ఇస్తిని గానీ, నాయన ఏమీ అనుకోడు. సహన అంటే ఆయనకు ప్రాణం." కొంచెం ఆగాడు. "నేనడిగితే డాక్టరమ్మ మాట్లాడకుండా లోపలికి పాయె. మీ మాటంటే ఆయమ్మకు మర్యాద అంట. ఒక మాట చెప్పమ్మా. నేనిచ్చింది నాకు ఇచ్చేయమని."

ఫోను ఆమె రెండు చేతుల మధ్య ఉంది. ఆమె నా వైపు చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్ను సాయం అడిగినట్టు చూడటం అదే మొదలు.

"అమ్మా? వినపడతాందా?"

వీధిలో దేవరాజ్ గొంతు ఆగిపోయింది. వాడు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నాలుగోవాడు ఇంకా పెట్రోలు బంకు దగ్గరే ఉన్నాడని, అమ్మ మాట కోసం చూస్తున్నాడని గొంతు తగ్గించి చెప్పాడు. ఆమె వాడిని చూసిందో లేదో నాకు తెలియలేదు.

"అమ్మా?"

అమరనాథ్‌కు ఎవరూ జవాబు చెప్పలేదు. బాగేపల్లి నుంచి ఇంకా ఎవరూ బయల్దేరలేదు.